కాగితం మీదే కుదరాలి కట్టడం: రూపకల్పన దశను నడిపించడం విద్యార్థులకు నేర్పేదెలా?

* గీయడం నేర్పుతున్నారు.. నిర్ణయాలను నడిపించడం నేర్పాలి
* మూసీ నుంచి మెట్రో వరకు.. పాఠాలన్నీ నగరంలోనే
* మార్కులు చిత్రానికే కాదు, చర్చకూ వేయాలి

కాచిగూడ: పునాదులు పూర్తయిన తరువాత లిఫ్టు గుంత లోతు చాలదని తేలుతుంది. మూడో అంతస్తు స్లాబు పోసిన తరువాత మరుగుదొడ్డి గొట్టానికి దారి లేదని గుర్తుకు వస్తుంది. పై అంతస్తుల్లోని పడకగదుల కొలతలను బట్టి నిలిపిన పిల్లర్లు కింద కార్లు తిరగకుండా అడ్డుపడతాయి. కాచిగూడ, బర్కత్‌పుర, నారాయణగూడ, అబిడ్స్ ప్రాంతాల్లో పాత ఇళ్లను తొలగించి ఇరుకు స్థలాల్లో అపార్టుమెంట్లు కట్టుకున్న వారికి ఇవి తెలియని కష్టాలు కావు. ఇలాంటప్పుడు నింద మేస్త్రీపైకో, కాంట్రాక్టరుపైకో పోతుంది. తప్పు మాత్రం చాలాసార్లు అంతకు నెలల ముందే కాగితం మీద జరిగి ఉంటుంది. ఎవరు నిర్ణయించాలో, ఎప్పటిలోగా నిర్ణయించాలో, ఆ నిర్ణయం ఎవరెవరికి తెలియాలో ఎవరూ చూడకపోవడమే ఆ తప్పు.

భవన నిర్మాణంలో ముగ్గు పోయడానికి ముందు సాగే ఈ కాలాన్నే రూపకల్పన దశ అంటారు. ఆర్కిటెక్చర్ విద్యార్థికి అందమైన నమూనా గీయడం నేర్పుతున్నారు. సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికి దూలం, పిల్లరు లెక్క కట్టడం నేర్పుతున్నారు. నిర్మాణ నిర్వహణ పాఠాల్లో ఎక్కువ భాగం కూలీలు, సామగ్రి, యంత్రాలు, గడువుల చుట్టూ తిరుగుతుంది. అయితే పదిమంది నిపుణుల మధ్య సాగే రూపకల్పనను ఒక క్రమంలో నడిపించడం మాత్రం ఈ పాఠాల మధ్య జారిపోతోంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరంలోనే యువ ఇంజినీరుకు ఎదురయ్యేది ఈ పనే.

ఏమిటీ రూపకల్పన దశ?

గీతలు గీసే కాలమంతా ఒకే పనిగా పైకి కనిపిస్తుంది. నిజానికి అది మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదటిది యజమాని అవసరాన్ని రాతలోకి తేవడం. ఎన్ని గదులు, ఎంత సొమ్ము, ఎప్పటికి కావాలి, ఎవరు వాడతారు అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరకాలి. రెండోది భావ నమూనా. మూడోది ప్రాథమిక నమూనా. ఇందులో స్తంభాలు, మెట్లు, లిఫ్టు, నీటి తొట్లు ఎక్కడ వస్తాయో స్థిరపడుతుంది. ఆ తరువాత అనుమతుల కోసం సమర్పించే డ్రాయింగులు, చివరకు పనివారి చేతికి అందే పని డ్రాయింగులు, టెండరు పత్రాలు సిద్ధమవుతాయి.

బ్రిటన్‌లోని ఆర్కిటెక్టుల సంస్థ రీబా 1963లోనే ఈ మెట్లను ఒక ప్రణాళికగా ప్రకటించింది. 2020లో సవరించిన రూపంలో అది 0 నుంచి 7 వరకు 8 దశలుగా ఉంది. మన దేశంలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ కూడా ఆర్కిటెక్టు సేవలను ఇలాగే దశలుగా విభజించి, రుసుము చెల్లింపును ఆ దశలకు ముడిపెట్టింది. ఒక మెట్టు ముగిసిందని యజమాని సంతకం చేసిన తరువాతే తదుపరి మెట్టు ఎక్కాలన్నది ఈ విభజన వెనుక ఉన్న ఆలోచన. విద్యార్థులు ఈ దశల పేర్లను పరీక్ష కోసం చదువుతారు. ఆ సంతకం లేకుండా ముందుకు పోతే ఏమవుతుందో మాత్రం వారికి అనుభవంలోకి రాదు.

ఒకరి కోసం ఒకరి ఎదురుచూపు

నిర్మాణంలో పనుల వరుస కంటికి కనిపిస్తుంది. పునాది తరువాత పిల్లరు, పిల్లరు తరువాత స్లాబు. రూపకల్పనలో వరుస అంత సూటిగా ఉండదు. పిల్లరు ఎంత లావు ఉంటుందో తెలిస్తే గానీ గది కొలత తేల్చలేనని ఆర్కిటెక్టు అంటారు. గది కొలత తేలితే గానీ పిల్లరు లావు చెప్పలేనని స్ట్రక్చరల్ ఇంజినీరు అంటారు. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చుంటే నెల గడిచిపోతుంది. ఇద్దరూ ఎవరికి తోచినట్లు వారు గీసుకుంటూ పోతే రెండు డ్రాయింగులు రెండు భవనాలవుతాయి.

ఈ ముడిని విప్పడానికి మార్గాలున్నాయి. అనుభవాన్ని బట్టి పిల్లరుకు ఒక కొలత ముందుగా అనుకోవడం, అది అంచనా మాత్రమేనని డ్రాయింగుపై స్పష్టంగా రాయడం, ఫలానా తేదీలోగా లెక్క కట్టి ఖరారు చేస్తామని మాట ఇవ్వడం అందులో ఒకటి. ఏ పనికి ఏ సమాచారం కావాలో గళ్ల పట్టికలో గుర్తించి, పరస్పరం ఆధారపడిన పనులను ఒకచోట చేర్చే పద్ధతిని 1981లో డొనాల్డ్ స్టీవార్డ్ వివరించారు. పట్టికలో అడ్డంగానూ నిలువుగానూ అవే పనుల పేర్లు రాస్తారు. ఒక పనికి మరో పని నుంచి సమాచారం కావాలంటే ఆ గడిలో గుర్తు పెడతారు. గుర్తులన్నీ చూశాక ఎవరెవరు ఒకే బల్ల ముందు కూర్చోవాలో తేలిపోతుంది. తరగతి గదిలో ఒక కాగితం, ఒక పెన్సిలు ఉంటే చాలు, ఈ అభ్యాసం చేయించవచ్చు.

లిఫ్టు సంగతే చూడవచ్చు. గుంత లోతు, పైన యంత్రానికి కావలసిన ఎత్తు, తలుపు వెడల్పు తయారీదారును బట్టి మారుతుంటాయి. లిఫ్టును చివర్లో కొనే వస్తువుగా భావించి పునాది డ్రాయింగు ఖరారు చేస్తే కాంక్రీటు పగులగొట్టాల్సి వస్తుంది. అందుకే కొనుగోలు చివరన జరిగినా, ఎంపిక మాత్రం పునాది డ్రాయింగు కన్నా ముందే జరగాలి. ఏ నిర్ణయానికి ఏది ఆఖరి తేదీ అన్నది వెనుక నుంచి ముందుకు లెక్కించడమే రూపకల్పన నిర్వహణలో మొదటి పాఠం.

ఆలస్యం విలువ ఎంత?

నిర్మాణ వ్యయాన్ని అదుపు చేయగల అవకాశం తొలిరోజుల్లోనే ఎక్కువని, పని సాగేకొద్దీ అది వేగంగా తగ్గిపోతుందని అమెరికా ఆచార్యుడు బాయ్డ్ పాల్సన్ 1976లో ఒక వ్యాసంలో వివరించారు. అదే సమయంలో ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. ఈ రెండు గీతలను ఒకే పటంపై గీస్తే, సొమ్ము ఇంకా పెద్దగా ఖర్చు కాని రోజుల్లోనే సొమ్ము భవితవ్యం తేలిపోతుందని అర్థమవుతుంది. కాగితంపై గోడను జరపడానికి రబ్బరు చాలు. కట్టిన గోడను జరపడానికి కూలీ, సిమెంటు, సమయం, తగాదా అన్నీ కావాలి.

యజమానులు మాత్రం దీనికి విరుద్ధంగా ఆలోచిస్తుంటారు. శంకుస్థాపన జరిగితేనే పని మొదలైనట్లు, అంతకు ముందు గడిచిన కాలమంతా వృథా అయినట్లు భావిస్తారు. మంచి ముహూర్తం దాటిపోతుందన్న తొందరలో అసంపూర్ణ డ్రాయింగులతో పునాదులు తీయించేవారూ ఉన్నారు. ఈ ఒత్తిడిని మర్యాదగా, లెక్కలతో ఎదుర్కోవడం కూడా విద్యార్థి నేర్చుకోవలసిన విద్యే.

మూసీ నేర్పిన తొలి పాఠం

ఈ విషయాన్ని బోధించడానికి విదేశీ పుస్తకాలు తెరవనవసరం లేదు. కాచిగూడకు ఆనుకుని ఉన్న చాదర్‌ఘాట్ వద్దకు వెళితే చాలు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తి వేలమంది ప్రాణాలు తీసింది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. గట్లు ఎత్తు చేయించి పని ముగించినట్లు చూపే అవకాశం ఆయనకు ఉంది. ఆయన మొదట వాన లెక్కలు, పరీవాహక ప్రాంతం తీరు, ఎగువ చెరువుల పరిస్థితి పరిశీలించారు. ఎగువన ఉన్న వందలాది చెరువుల్లో 200కు పైగా తెగిపోయిన సంగతి లెక్కలోకి తీసుకున్నారు. ఆ తరువాతే వరద నీటిని నగరానికి ఎగువన ఆపే జలాశయాలు కట్టాలని 1909లో నివేదిక ఇచ్చారు. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇందులో విద్యార్థి గ్రహించవలసింది ఆనకట్ట ఎత్తు ఒక్కటే కాదు. సమస్య నది గట్టు వద్ద కనిపించింది. పరిష్కారం నగరం వెలుపల దొరికింది. సమాచారం సేకరించక ముందే గీత గీసి ఉంటే ఆ పరిష్కారం తట్టేది కాదు. ప్రశ్నను సరిగా వేయడం రూపకల్పనలో తొలి మెట్టు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

కాచిగూడ స్టేషన్, ఆర్ట్స్ కళాశాల

రోజూ వేలమంది రాకపోకలు సాగించే కాచిగూడ రైల్వేస్టేషన్ కూడా ఒక పాఠమే. గుమ్మటాలతో కనిపించే ఈ భవనం నిజాం కాలంలో, గత శతాబ్దపు రెండో దశకంలో రూపుదిద్దుకొంది. బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నమూనా ప్రకారం, ముందుగా పోతపోసిన కాంక్రీటు భాగాలతో దీన్ని నిర్మించారని వాస్తు చరిత్రకారులు పేర్కొంటారు. ముందుగా పోతపోసే పద్ధతిలో ప్రతి భాగం కొలత అచ్చు తయారీకి ముందే ఖరారు కావాలి. అచ్చు సిద్ధమయ్యాక కిటికీ ఒక అడుగు జరుపుదామంటే కుదరదు. నేడు మెట్రో వంతెనలు, భారీ గృహ సముదాయాలు ఇదే పద్ధతిలో వస్తున్నందున రూపకల్పనను ఫలానా తేదీన స్థిరపరచి, ఆపై మార్పులకు తలుపు మూయడం ఎంత అవసరమో ఈ భవనం ముందు నిలబెట్టి బోధించవచ్చు.

అక్కడికి కొద్ది దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కళాశాల భవనం మరో ఉదాహరణ. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయంలో 1919లో అబిడ్స్ సమీపంలోని గన్‌ఫౌండ్రీ భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. శాశ్వత భవనాల రూపకల్పనకు ముందు నవాబ్ జైన్‌యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ఐరోపా, అమెరికా, జపాన్ తదితర దేశాలకు పంపి అక్కడి విశ్వవిద్యాలయాలను పరిశీలింపజేశారు. ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌కు రూపకల్పన బాధ్యత దక్కింది. 1934 జులై 5న శంకుస్థాపన జరగగా, 1939 డిసెంబరు 4న భవనం ప్రారంభమైంది. జాస్పర్ వెళ్లిపోయిన తరువాత జైన్‌యార్ జంగ్ బాధ్యత స్వీకరించి పని నడిపించారు. వాస్తుశిల్పి మారినా పని ఆగకపోవడానికి, తొలి పరిశీలన నుంచీ విషయం తెలిసిన వ్యక్తి యజమాని పక్షాన ఉండటం తోడ్పడింది. రూపకల్పనలో యజమాని పక్షాన ఒక జ్ఞాపకం ఉండాలన్నది ఇక్కడి పాఠం. నేటి భాషలో ఆ జ్ఞాపకాన్నే నిర్ణయాల పట్టిక అంటారు.

మెట్రో, ఉస్మానియా ఆసుపత్రి

ప్రజల అభిప్రాయం రూపకల్పనలో ఎప్పుడు కలవాలన్నది మరో ప్రశ్న. హైదరాబాద్ మెట్రో రైలు ఒప్పందం 2010 సెప్టెంబరులో కుదిరింది. సుల్తాన్‌బజార్, బడీచౌడీ వ్యాపారుల అభ్యంతరాలు ఆ తరువాతా కొనసాగాయి. 2014లో రాష్ట్ర ప్రభుత్వం అసెంబ్లీ, సుల్తాన్‌బజార్, పాతబస్తీ వద్ద మార్గం మార్చాలని కోరింది. చివరకు వంతెన సుల్తాన్‌బజార్ మీదుగానే సాగింది. నగరంలో మొదటి మార్గం 2017 నవంబరులో ప్రారంభం కాగా, జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు సాగే ఈ మార్గం 2020 ఫిబ్రవరి 7న గానీ అందుబాటులోకి రాలేదు. దుకాణదారుని భయం, వారసత్వ కట్టడంపై ఆందోళన, ప్రయాణికుని అవసరం ఈ మూడూ న్యాయమైనవే. వాటిని ఒప్పందానికి ముందు బల్లపైకి తెస్తే చర్చ అవుతుంది. తరువాత తెస్తే జాప్యమవుతుంది.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతవాసుల కళ్లెదుట ఇప్పుడు మరో పెద్ద పరీక్ష ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని తొలగించి కొత్తది కట్టాలన్న ప్రతిపాదన 2015లో వచ్చింది. వారసత్వ కట్టడాల పరిరక్షకులు దాన్ని వ్యతిరేకించారు. 2020 జులైలో వర్షాలకు వార్డుల్లోకి నీరు చేరడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. గోషామహల్‌లోని పోలీసు మైదానంలో సుమారు 26 ఎకరాల్లో 2 వేల పడకల కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఎక్కడ కట్టాలన్న ఒక్క ప్రశ్న తేలడానికే దాదాపు 10 సంవత్సరాలు పట్టిందన్నమాట. ఆ కాలంలో నష్టపోయింది పడక దొరకని పేద రోగి.

ఆసుపత్రి రూపకల్పన ఇళ్ల కన్నా ఎన్నో రెట్లు చిక్కైనది. ఎమ్మారై యంత్రం ఏదో తేలకపోతే గది గోడలకు వేయాల్సిన కవచం, నేల మోయాల్సిన బరువు తేలవు. యంత్రాన్ని లోపలికి తేవడానికి దారి వదలకపోతే కట్టిన గోడను కూల్చాలి. శస్త్రచికిత్స గదుల గాలి గొట్టాలు, ప్రాణవాయువు గొట్టాలు, విద్యుత్ తీగలు అన్నీ స్లాబు కింద ఉన్న అదే ఖాళీ కోసం పోటీపడతాయి. వైద్యుడు, నర్సు, ఇంజినీరు, అగ్నిమాపక అధికారి ఒకే డ్రాయింగును నాలుగు కళ్లతో చదువుతారు. ఆ నలుగురి మాటలను ఒక నిర్ణయంగా మార్చేవారు లేకపోతే ఎంత సొమ్ము వెచ్చించినా ఫలితం ఉండదు.

లోకమంతా చదివే రెండు పాఠాలు

నిర్మాణ విద్యలో తరచుగా ప్రస్తావనకు వచ్చేది ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపెరా హౌస్. పైకప్పు గుల్లలను ఎలా కట్టాలో తేలకముందే 1959లో పనులు ప్రారంభించారు. పైకప్పు రూపం స్థిరపడేసరికి అప్పటికే కట్టిన కింది భాగంలోని కొన్ని స్తంభాలు ఆ బరువు మోయలేవని తేలింది. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షల డాలర్లకు చేరింది. 1973లో గానీ భవనం ప్రారంభం కాలేదు. అది నేడు ప్రపంచ ప్రసిద్ధ కట్టడమే. కానీ ఆ కీర్తి ఆ తొందరకు సమర్థన కాదు.

రెండో పాఠం విషాదకరమైనది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్‌లో 1981 జులై 17న రెండు వేలాడే నడవలు కూలి 114 మంది మరణించారు. మొదటి నమూనాలో రెండు నడవలూ పైకప్పు నుంచి దిగే ఒకే పొడవైన ఉక్కు కడ్డీకి వేలాడాలి. తయారీ సౌలభ్యం కోసం దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. పై నడవ పైకప్పుకు, కింది నడవ పై నడవకు వేలాడాయి. దాంతో పై నడవ దూలం వద్ద అతుకుపై పడే భారం రెట్టింపైంది. చూడటానికి అతి చిన్న మార్పు. ఆ మార్పు తరువాత లెక్కను ఎవరూ మళ్లీ కట్టలేదు. డ్రాయింగుపై ఆమోదముద్ర మాత్రం పడింది. ఒకే బావి తాడును ఇద్దరు వేర్వేరుగా పట్టుకుని వేలాడటానికి, ఒకరి కాళ్లు పట్టుకుని మరొకరు వేలాడటానికి ఉన్న తేడా ఇది. రెండో సందర్భంలో పైవాడి చేతులపై ఇద్దరి బరువూ పడుతుంది.

మన రాష్ట్రంలోనూ 2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట పిల్లర్లు కుంగిన తరువాత, జాతీయ ఆనకట్టల భద్రత సంస్థ తన పరిశీలనలో ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత నియంత్రణ, నిర్వహణ లోపాలను ప్రస్తావించింది. ఆ వివాదంలో బాధ్యులెవరన్నది వేరే విషయం. మొదటి రెండు పదాలూ కాంక్రీటు పోయడానికి ముందరి దశకు చెందినవే అన్నది విద్యార్థి గమనించాలి.

తరగతి గదిలో ఎలా?

ఉపన్యాసంతో ఈ విద్య రాదు. ఈత నేర్పినట్లు నీటిలో దింపి నేర్పాలి. అందుకు ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. అయిదుగురు విద్యార్థులతో ఒక జట్టు కడితే చాలు. ఒకరు యజమాని, ఒకరు ఆర్కిటెక్టు, ఒకరు స్ట్రక్చరల్ ఇంజినీరు, ఒకరు నీరు, విద్యుత్ పనుల ఇంజినీరు, ఒకరు అంచనాలు కట్టేవారు. వారికి ఒక బస్తీ దవాఖానాను, లేదా 200 గజాల స్థలంలో స్టిల్ట్ పార్కింగుతో నాలుగంతస్తుల ఇంటిని అప్పగించి 12 వారాల గడువు ఇవ్వవచ్చు.

మొదటి రెండు వారాల్లో గీత గీయనివ్వకూడదు. యజమాని అవసరాన్ని ఒక పేజీలో రాయించి సంతకం చేయించాలి. మూడో వారంలో నిర్ణయాల పట్టిక తయారు కావాలి. అందులో అయిదు గళ్లుంటే సరిపోతుంది. నిర్ణయం ఏమిటి, ఎవరు తీసుకోవాలి, ఎప్పటిలోగా, ఏ సమాచారం కావాలి, ఎవరెవరికి తెలియజేయాలి. నాలుగో వారం నుంచి ప్రతి వారం అరగంట సమీక్ష జరగాలి. గత వారం ఇచ్చిన మాటల్లో ఎన్ని నెరవేరాయో లెక్కించాలి. పది మాటల్లో ఆరు నెరవేరితే 60 శాతం. మిగిలిన నాలుగు ఎందుకు ఆగాయో రాయించాలి. గ్లెన్ బల్లార్డ్ తదితరులు రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతిలో ముఖ్యమైన అంశం ఇదే. ఒకరిని తిట్టడం దాని ఉద్దేశం కాదు. ఏ సమాచారం అందక పని ఆగిందో కనిపెట్టడమే దాని ప్రయోజనం.

ఏడో వారంలో అధ్యాపకుడు ఒక మార్పు తేవాలి. యజమాని పాత్రధారి వచ్చి, పెద్దవారి కోసం కింది అంతస్తులో ఒక పడకగది, మరుగుదొడ్డి కావాలంటారు. కోరిక న్యాయమైనదే. జట్టు ఏం చేస్తుందన్నదే పరీక్ష. కింది అంతస్తులో గది వస్తే పార్కింగు తగ్గుతుంది. అనుమతి డ్రాయింగు మారుతుంది. మరుగుదొడ్డి గొట్టం డ్రైనేజీ మట్టాన్ని అందుకోవాలి. గోడ బరువు పునాది దూలంపై పడుతుంది. అంచనా పెరుగుతుంది. ఈ గొలుసు మొత్తాన్ని ఒక పేజీలో రాసి, ఖర్చెంత, కాలమెంత అని చెప్పి, యజమాని చేత అవుననో కాదనో అనిపించుకున్న జట్టు ఉత్తీర్ణత సాధించినట్లు. మారు మాట్లాడకుండా గీసుకొచ్చిన జట్టు, అసలు కుదరదని తోసిపుచ్చిన జట్టు రెండూ మళ్లీ నేర్చుకోవాలి.

తొమ్మిదో వారంలో మరో చిన్న పరీక్ష పెట్టవచ్చు. జట్టులోని అయిదుగురూ తమ వద్ద ఉన్న తాజా ప్లాన్‌ను బల్లపై పెట్టాలి. సవరణ సంఖ్య, తేదీ అన్నింటిపైనా ఒక్కటిగా ఉన్నాయా అన్నది చూడాలి. పాత కాగితం పట్టుకుని లెక్క కట్టిన ఇంజినీరు ఎంత తెలివైనవాడైనా ఫలితం తప్పే. అనుమతి పొందిన ప్లాన్ ఒకటి, పని స్థలంలో మేస్త్రీ చేతిలో నలిగిన ప్లాన్ మరొకటి కావడం నగరంలో అరుదైన విషయం కాదు.

కంప్యూటరు ఉంటే చాలదా?

భవనాన్ని మూడు కొలతల్లో చూపే బిమ్ విధానం ఇప్పుడు కళాశాలల్లోకి వచ్చింది. గాలి గొట్టం దూలాన్ని ఢీకొంటున్న చోటును అది క్షణాల్లో చూపిస్తుంది. అయితే గొట్టం జరగాలా, దూలం లోతు తగ్గాలా, స్లాబు ఎత్తు పెరగాలా అన్నది మనుషులే తేల్చాలి. ఎవరు తేల్చాలో ముందే రాసుకోని జట్టుకు కంప్యూటరు చూపేది తగాదాల జాబితా మాత్రమే. సాఫ్ట్‌వేరు నేర్పడాన్ని రూపకల్పన నిర్వహణ నేర్పడంగా భావించడం పొరపాటు.

రూపకల్పన సృజనాత్మక కార్యం, దానికి గడువులు పెడితే ప్రతిభ నలిగిపోతుందన్న వాదనా ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. తొలి మెట్టులో ఆలోచనకు తీరిక ఉండాలి, రెండు మూడు నమూనాలు చెరిపే స్వేచ్ఛ ఉండాలి. మంచి నిర్వహణ ఆ తీరికను కాపాడుతుంది. ఏది ఎప్పుడు ఖరారు కావాలో తెలిసినప్పుడే, ఇంకా ఖరారు కానవసరం లేని వాటిపై నిశ్చింతగా ఆలోచించడం సాధ్యమవుతుంది.

అసలు చిక్కు మార్కుల వద్ద ఉంది. చివరి రోజు గోడకు తగిలించిన చిత్రానికే మార్కులన్నీ పోతే నిర్ణయాల పట్టికను ఎవరూ పట్టించుకోరు. సగం మార్కులు పట్టికకు, సమీక్షలకు, మార్పును ఎదుర్కొన్న తీరుకు కేటాయిస్తే విద్యార్థి దృష్టి దానంతటదే మారుతుంది. ఆర్కిటెక్చర్, సివిల్ విభాగాలను కనీసం ఒక సెమిస్టరులో ఒకే బల్ల వద్ద కూర్చోబెట్టడం మరో అవసరం. వేర్వేరు కళాశాలల్లో చదివి, పని స్థలంలో తొలిసారి కలుసుకునే ఇద్దరు నిపుణులు ఒకరి భాష మరొకరు నేర్చుకునేది యజమాని ఖర్చుతోనే.

చదువుకునే దారులు

నగరంలో ఈ రంగానికి చెందిన సంస్థలకు కొదవ లేదు. మాసబ్‌ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల 1929 నుంచి సివిల్ ఇంజినీర్లను తయారు చేస్తోంది. నిర్మాణ నిర్వహణ కోసమే 1983లో ఏర్పడిన నిక్‌మార్‌కు షామీర్‌పేట సమీపంలో ప్రాంగణం ఉంది. 1998లో ఏర్పాటైన జాతీయ నిర్మాణ అకాడమీ, ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే గచ్చిబౌలిలోని ఇంజినీరింగ్ స్టాఫ్ కళాశాల కూడా ఇక్కడే ఉన్నాయి. వరంగల్ ఎన్‌ఐటీలో నిర్మాణ సాంకేతికత, నిర్వహణపై ఎంటెక్ కోర్సు ఉంది. ఈ సంస్థల విద్యార్థులను ఒక అభ్యాసంలో కలపడానికి కొత్త భవనాలు, కొత్త పదవులు అవసరం లేదు. ఉమ్మడి కాలపట్టిక, పని స్థలం తెలిసిన ఇంజినీర్ల సహకారం ఉంటే చాలు.

కళాశాల నేర్పేవరకు వేచి ఉండని విద్యార్థి కూడా సొంతంగా మొదలు పెట్టవచ్చు. శిక్షణ కోసం ఏ కార్యాలయంలో చేరినా ఈ అయిదు విషయాలు గమనించాలి.

* యజమాని అవసరం రాతలో ఉందా, దానిపై సంతకం ఉందా?
* ప్రతి డ్రాయింగుపై సవరణ సంఖ్య, తేదీ, పరిశీలించినవారి పేరు ఉన్నాయా?
* అంచనాగా అనుకున్న కొలతలను ఖరారైన కొలతల నుంచి వేరుగా గుర్తించారా?
* మార్పు వచ్చినప్పుడు లెక్కను మళ్లీ కట్టేదెవరు, ఆమోదించేదెవరు?
* లిఫ్టు, జనరేటరు, నీటి తొట్టి వంటి వాటి ఎంపిక పునాది డ్రాయింగుకు ముందే జరుగుతోందా?

ఇల్లు కట్టుకునే యజమాని కూడా ఇవే ప్రశ్నలు తన ఆర్కిటెక్టును, ఇంజినీరును అడగవచ్చు. జవాబులు దొరికిన తరువాతే ముగ్గు పోయించడం మేలు. జీవితకాలపు పొదుపును, బ్యాంకు రుణాన్ని ఒకే స్థలంలో పోసే కుటుంబానికి రెండు నెలల ఓపిక పెద్ద ఖర్చు కాదు. ఆ ఓపిక పట్టమని ధైర్యంగా చెప్పగల ఇంజినీర్లను, ఆ రెండు నెలల్లో ఏం చేయాలో తెలిసిన ఇంజినీర్లను తయారు చేయడం కళాశాలల బాధ్యత.